మా తాత వాటా బిస్కెట్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చక్కెర డబ్బాకు తాళం ఉండేది. వాకిలికి సరైన గడియ కూడా లేదు కానీ చక్కెర డబ్బాకు మాత్రం తాళం, ఆ తాళంచెవి మా అవ్వ, అదే మా నాయనమ్మ, కొంగుముడిలో. బోధన్ దగ్గర చెరుకు పండించే ఊరు మాది. మా తాత బతుకంతా చెరుకు నరికి, బండి కట్టి ఫ్యాక్టరీకి తోలిన మనిషి. చివరికి ఆ చక్కెర తిరిగి ఆయన ఒంట్లోనే దిగింది. నిజామాబాద్ డాక్టరు పరీక్షలు చేయించి, ఇక చక్కెర ముట్టొద్దన్నాడు. పరామర్శకు వచ్చినవాళ్లు, “ఫ్యాక్టరీ బోధన్ల ఉందనుకుంటిమి, నీ కడుపులనే ఉన్నదా కాకా” అని నవ్విపోయారు. మా ఊళ్లో రోగానికి ముందు జోకు వస్తుంది, మందు తరువాత వస్తుంది.

తాత కూడా వాళ్లతో పాటు నవ్వాడు. నవ్వించడంలో ఆయన్ను మించినవాడు లేడు. నా నోరు ఇట్లా తయారైందంటే ఆయన వెంట తిరిగినందుకే. మనవలూ మనవరాళ్లూ అంతమంది ఉన్నా చెరుకు బండి మీద తన పక్కన కూర్చోబెట్టుకునేది నన్నే. ఆ చోటు కోసం నేను ఏమైనా చేసేదాన్ని. చేశాను కూడా.

మా పక్కింటి అక్క వాళ్లది మెథడిస్టు కుటుంబం. పెళ్లికి ముందు నిజామాబాద్‌లో ఒక హాస్టల్ పిల్లలకు వండిపెట్టిన మనిషి. క్రిస్మస్ వస్తుందంటే వాడకట్టు పిల్లలందరినీ చాప మీద కూర్చోబెట్టి బిస్కెట్ల పిండి పిసికించేది. పిసకని వాళ్లకు తినే హక్కు లేదు. అంగట్లో దొరికే మైదా బిస్కెట్లంటే ఆమెకు మంట. సగానికి పైగా జొన్నపిండి, వేయించిన పల్లీల పొడి, నువ్వులు, ఇంటి నెయ్యి, తీపి పేరుకింత. మేము మూతి ముడిస్తే, “ఇయ్యాల నాలిక అడుగుతది, రేపు పొట్ట అడుగుతది, ఎవలికి జవాబు చెప్తరు” అనేది. ఒత్తిన బిస్కెట్లను పెద్ద తగరపు పళ్లేల్లో పేర్చుకొని బోధన్‌లో బేకరీకి పోయేవాళ్లం. పిండి మనది, బట్టీ వాళ్లది. మన పళ్లెం మనకే రావాలంటే కాల్చినంత సేపూ బట్టీ ముందే నిలబడాలి. ఆ వేడికి మా ముఖాలు కూడా బిస్కెట్లయ్యేవి.

ఆ యేడు అక్క మా తాత కోసం ఒక ముద్ద వేరుగా తీసింది. అందులో ఉప్పు, వాము, తీపి అసలే లేదు. బట్టీ దాకా పోకుండా ఇంట్లోనే, ఇసుక పోసిన గిన్నెలో పళ్లెం పెట్టి, మూత మీద నిప్పులు వేసి కాల్చడం నాకు నేర్పింది. “మీ తాతకు వారం వారం నువ్వే చేసిపెట్టు” అన్నది. ఆడపిల్లకు అంట్లు తప్ప ఇంకో పని అప్పజెప్పని ఇంట్లో నాకొక కొలువు దొరికింది.

మొదటి బిస్కెట్ కొరికి తాత ముఖం అదోలా పెట్టాడు. తరువాత నన్ను పశువుల కొట్టంలోకి పిలుచుకుపోయాడు. ఆయనకు కొంచెం చెవుడు. గుసగుస అనుకొని ఆయన మాట్లాడేది మూడిళ్లకు వినబడేది. రహస్యమైతే కొట్టం దాకా పోవాల్సిందే.

“డాక్టరు ఏం వద్దన్నడు బిడ్డా?”

“చక్కెర.”

“బెల్లం వద్దన్నడా?”

“అనలే.”

“మరి. బెల్లం మందు. బాలింతలకు పెడ్తరు. బాలింతకు పెట్టేది ముసలోనికి విషమైతదా?”

నేను నమ్మాను. నేనే కాదు, మా చెరుకు ఊళ్లల్లో సగం మంది అట్లాగే నమ్మేవాళ్లు. తెల్లటి చక్కెర ఫ్యాక్టరీది, అందులో ఏమేం మందులు కలుపుతారో. బెల్లం మనది, మన కళ్లముందు కాగింది. షుగర్ రోగులు చాయ్‌లో ఇంత బెల్లం గడ్డ వేసుకొని, చక్కెర మానేశామని గొప్పగా చెప్పుకునేవాళ్లు. కానీ తాత ఇంకో మాట కూడా అన్నాడు: “మీ అవ్వకు చెప్పకు. తాళం దండుగైందని బాధ పడ్తది.” మంచి మందైతే దాచడమెందుకని అడగాలని నాకు తోచలేదు. గడ్డివాములో ఆయన దాచిన బెల్లం ముద్ద ఎక్కడుందో నాకొక్కదానికే తెలుసన్న సంబరంలో ఉన్నాను.

చెరుకు కొట్టినన్ని రోజులూ చేశాను. జొన్నపిండి, వాము, అవ్వ చూడకుండా దంచిన బెల్లం. తాత కళ్లు మూసుకొని నమిలేవాడు. నీ చేతిలో ఏదో ఉన్నదే అనేవాడు. నా చేతిలో ఉన్నది ఆయన తెచ్చిన బెల్లమే.

చెరుకు నరికిన మడిలో మోళ్లు కత్తుల్లా నిలబడి ఉంటాయి. ఒకరోజు తాత అరికాల్లో ఒక మోడు దిగింది. ఆయనకు తెలియనే లేదు. రోగం అప్పటికే కాలి స్పర్శను తినేసింది. వాకిట్లో నెత్తుటి అడుగులు నేను చూపిస్తే గానీ కాలు ఎత్తి చూసుకోలేదు. పసుపు పెట్టారు, ఆకు పసరు కట్టారు. పుండు మానలేదు, నల్లబడింది. నిజామాబాద్ ఆసుపత్రిలో ముందు వేళ్లు తీశారు, ఆ తరువాత మోకాలి కింది దాకా తీశారు.

ఒంట్లో చక్కెర ఇంతగా ఎట్లా పెరిగింది, ఏం పెడుతున్నారని డాక్టరు గద్దించాడు. అవ్వ కొంగు విప్పి తాళంచెవి చూపించింది. మంచం చుట్టూ మా బాపు, పెదబాపు, మేనత్తలు ఉన్నారు. తాత నన్ను దగ్గరికి రమ్మని తల నిమిరాడు. నిమురుతూనే చెప్పాడు:

“పిల్ల బిస్కెట్లు చేసి తెస్తుండె. బెల్లం ఏసినట్టున్నది. వద్దంటే దాని మనసు నొస్తదని తిన్న.”

తరువాత బతుకులో రకరకాల దెబ్బలు తిన్నాను. ఆ నిమిరిన చెయ్యి ముందు అవన్నీ పిల్లాటలు. “తాతే ఏయమన్నడు” అన్నాను. అవ్వ చెంప పగలగొట్టింది. “కాలు పోయి పండుకున్న మనిషి మీద ఏస్తున్నవానే?” అన్నది. తాత అడ్డం రాలేదు. గోడ వైపు తిరిగి, నొప్పి నొప్పి అన్నాడు.

అప్పటి నుంచి మా చుట్టాల్లో నా పేరు కాలు తిన్న పిల్ల. చూడడానికి వచ్చినవాళ్లకు నీళ్లు తెచ్చిస్తే, “నీ చేతి నీళ్లు వద్దుతియ్ బిడ్డా, మాకు రెండు కాళ్లు కావాలె” అని మేనత్త అన్నది. అందరూ నవ్వారు. జోకు బాగుంది, అదే నా బాధ. ఇంకొకరి మీద వేస్తే నేనూ నవ్వేదాన్ని.

చెరుకు పని వదిలి ముసలాయన దగ్గర కూర్చునేందుకు ఎవరికీ తీరిక లేదు. బాపు నా వైపు చూసి, “నువ్వే పెట్టినవ్, నువ్వే సూస్కో” అన్నాడు. అంతే, బడి బంద్. నాకు బడి అంటే చదువు కాదు, నా మాటలకు పడి పడి నవ్వే ఒక గదినిండా పిల్లలు. వాళ్లందరి బదులు కట్టు విప్పితే కంపుకొట్టే ఒక మోకాలు దక్కింది.

అక్క మీదికీ మాట వచ్చింది, నేర్పింది ఆమె కాబట్టి. ఆమె వాదనకు దిగకుండా నన్నడిగి అసలు సంగతి తెలుసుకుంది. ఒక ఆదివారం చుట్టాలందరూ ఉన్నప్పుడు వేడి బిస్కెట్ల పళ్లెం తెచ్చి నా చేతికిచ్చింది. “ఉప్పు బిస్కెట్లే, తాతకు ఇయ్యి” అన్నది. తాత ఒకటి కొరికాడు. ముఖం అదోలా పెట్టాడు. నా చెవి దగ్గరికి వంగి, తన లెక్కలో గుసగుసగా, అన్నాడు:

“ఏందే, గడ్డివాముల బెల్లం అయిపోయిందా? నాకు చెప్పకపోతివి.”

ఇల్లంతా విన్నది. అవ్వ లేచి గడ్డివాము దగ్గరికి పోయి చెయ్యి పెట్టి, చీమలు పట్టిన ముద్దను తెచ్చి నడుమ పడేసింది. ముందు పెదబాపు నవ్వాడు. ఆయన వెంట అందరూ నవ్వారు. బాపు కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. ముసలోని యావ చూడండ్రని మేనత్త తొడ కొట్టుకుంది. తాత కూడా నవ్వాడు.

నేను వాళ్ల నవ్వు అయిపోయేదాకా ఆగాను. ఆగి, “మరి రేపు బడికి పోనా?” అని అడిగాను.

బాపు కళ్లు తుడుచుకొని, అర్థం కానట్టు చూశాడు. “మరి తాతను ఎవలు సూస్తరే?” అన్నాడు. అందరికీ అది న్యాయంగానే తోచింది. అక్క ఏదో అనబోతే, “మీ ఇంటి సంగతి మీరు సూసుకోండ్రి” అన్నాడు. నిజం బయటపడింది, మాతో కూర్చొని కాసేపు నవ్వింది, లేచి తన దారిన పోయింది. నా పేరు కూడా మారలేదు. కాకపోతే ఆ తరువాత దాన్ని ముద్దుగా పిలిచేవాళ్లు.

ఆ కాలుకు కట్లు కట్టుకుంటూనే పెద్దదాన్నయ్యాను. ఒకనాడు ఇద్దరమే ఉన్నప్పుడు, నా మీద ఎందుకు వేసినవు తాతా అని గట్టిగా అడిగాను, చెవుడు కదా. ఆయన దాచుకోలేదు.

“నా మీదేస్కుంటే సచ్చేదాక అంటరు. నువ్వు పిల్లవు. నాలుగు దినాలైతే మర్సిపోతరనుకున్న.”

“మర్సిపోలే.”

“అవు,” అన్నాడు తాత. దుప్పటి వైపు చూపి, “ఆ కాలు దురదపెడ్తున్నది, గోకు” అన్నాడు. లేని కాలు. నేను దుప్పటి గోకాను. హాయిగా ఉందన్నాడు.

ఇప్పుడు నాకూ షుగరే. మనవరాలు ఫోన్లో చూసి రాగిపిండి, ఖర్జూరాలతో బిస్కెట్లు చేస్తుంది. చక్కగా చేస్తుంది. తీపి ఉందో లేదో అడక్కుండా తినాలని నాకూ ఉంటుంది, మనిషినే కదా. అది పళ్లెం పట్టుకొని నా ముందుకు వచ్చినప్పుడల్లా వంటింట్లో ఉన్న కోడలికీ, అరుగు మీద కూర్చున్న కొడుక్కీ వినబడేట్టు కేకేస్తాను: “నేనే అడిగిన. నేనే తింటున్న. రేపు ఏమన్నైతే నన్నే అనుండ్రి.” ముసల్దానికి ఇదొక పరాచికమని వాళ్లు విసుక్కుంటారు, పిల్ల పకపకా నవ్వుతుంది. నవ్వనీ. ఆ మాట ఇంట్లో ప్రతి చెవినా పడ్డదని తెలిసేదాకా బిస్కెట్ చేతిలోనే పట్టుకొని కూర్చుంటాను. ఆ తరువాతే కొరుకుతాను.