విమానంలో నాయన కూర్చున్న చోట రేకు గోడ

2004 మార్చి: యుద్ధకాలం నాటి నిఘా బాంబరు ఒకదాన్ని కంప్యూటరు ఆటలో తిరిగి కడుతున్న విదేశీ బృందానికి, వారు కోరిన మీదటే, మా నాయన నోటుపుస్తకంలోని కొలతలు పంపాను. అందినట్టు కబురు లేదు.
2004 ఆగస్టు: గుర్తుచేస్తూ మళ్లీ రాశాను. జవాబు లేదు.
2005 జనవరి: ఆటలో ఆ విమానం విడుదలైంది. నాయన కూర్చున్న చోట రేకు గోడ ఉంది.
అదే రోజు: ఆయన ఆ విమానం ఎక్కనే లేదన్న వాక్యం చదివాను.

మొదటి మూడూ ఓర్చుకోగలిగినవే.

మాది ఆళ్లగడ్డలో శిల్పుల ఇల్లు. నాయన ఉలి పక్కన పెట్టి యుద్ధంలో చేరాడు. ఆ బాంబరులో వైర్‌లెస్ పని ఆయనది. పైనుంచి చూసిన వంతెనలూ రోడ్లూ ఎక్కడున్నాయో కిందికి తెలియజేసేవాడు. తిరిగొచ్చాక ఆ రోజుల ఊసు ఎత్తలేదు గానీ, తాను కూర్చున్న గది పొడవు, వెడల్పు, కిటికీ ఎత్తు అన్నీ జానల్లో, బెత్తెల్లో రాసిపెట్టాడు. రాతిని ముందు చేత్తో కొలిచి, ఆ తర్వాతే కొలబద్ద పెట్టడం మా ఇంటి పద్ధతి. సర్వీసు కాగితాలు చెదలు తినేశాయి. ఆయన ఆ విమానంలో ఎగిరాడనడానికి మిగిలిన సాక్ష్యం ఆ పుస్తకం ఒక్కటే.

జానలను అంగుళాల్లోకి మార్చి పట్టిక వేసింది నేను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ రెండోసారి సరిచూడకుండా ఏ కాగితమూ పంపినవాణ్ణి కాను.

నంద్యాలలో మా మేనల్లుడికి నెట్ సెంటరు ఉంది. విడుదలైన రోజు పొద్దున్నే బస్సెక్కి వెళ్లాను. తెర మీద విమానం నేల వదిలి లేచింది. రెక్కల మీది మసి మరకలు కూడా వదలకుండా చేశారు. ఆ పనితనానికి చేతులెత్తి మొక్కాలనిపించింది.

“మామా, తాత కూచున్న కాడికి పోతాండా, సూడు,” అన్నాడు మేనల్లుడు.

దృశ్యం పైలట్ వెనక్కి జరిగి, మసకచీకట్లో ఒక రేకు గోడ దగ్గర ఆగిపోయింది.

ప్రింటు కోసం కూర్చున్న సిమెంటు వ్యాపారి ఒకాయన తొంగిచూశాడు. “ఏందప్పా, మీ మామను బెలుం గుహల్లోకి తీస్కపోతాండావా? లైటన్నా ఎయ్యి.”

నాకు నవ్వు రాలేదు. “ఆడ గోడ యాడిదిరా?”

మేనల్లుడు ఆటతో పాటు వచ్చిన ఇంగ్లీషు వివరణ తెరిచాడు. రెండు వరుసలు చదివి మూసేయబోయాడు.

“మూయొద్దు. పక్కకు జరుగు.”

“వద్దులే మామా.”

“జరగమంటాండా.”

నేనే చదివాను. ఒక భారతీయ కుటుంబం పంపిన కొలతల ప్రకారం గది విమానపు పొట్ట కంటే వెడల్పుగా ఉందనీ, ఆ మనిషి ఈ విమానం ఎక్కి ఉండడనీ, అందుకే గదిని మూసేశామనీ ఉంది. పోయిన మనిషిని పదిమందిలో అబద్ధాలకోరని అన్నారు.

మేనల్లుడు గొంతు తగ్గించి అడిగాడు. “మామా, కోప్పడగాకు. నువ్వు లెక్కేసిన జాన ఎవురిది? తాతదా, నీదా?”

మా ఇంట్లో జాన అంటే కొలిచినవాడి జాన. ఉలి పట్టని నేను ఆ సంగతి మరిచి, నా చేతినే బల్ల మీద పరిచి తొమ్మిది అంగుళాలని రాసుకున్నాను.

మధ్యాహ్నానికే ఆళ్లగడ్డ చేరాను. పుస్తకం చివర నాయన తన ట్రంకు పెట్టె పొడవు నాలుగు జానలని రాశాడు. పెట్టె ఇంట్లోనే ఉంది. టేపు పెడితే ముప్పై రెండు అంగుళాలు. అంటే నాయన జాన ఎనిమిదే. ఆరు జానల వెడల్పున్న గది నా పట్టికలో యాభై నాలుగు అంగుళాలైంది, నిజానికి నలభై ఎనిమిది. ఆ చోట విమానపు పొట్ట వెడల్పు యాభై ఒకటని ఆ వివరణలో వారే రాశారు. గది పడుతుంది. నాయన రాతలో తప్పు లేదు. తప్పు నా చేతిది.

కనుక ఆ బృందానికి ఇలా రాశాను: “పట్టికలోని తప్పు నాదని ఒప్పుకుంటున్నాను. సవరించిన పట్టికనూ, టేపు పెట్టి తీసిన పెట్టె ఫొటోనూ జతచేశాను. అయితే కొలత కుదరనప్పుడు నన్ను ఒక్క మాటైనా అడగకుండా, ఒక మనిషి విమానమే ఎక్కలేదని రాయడం మీ తప్పు. ఆ వాక్యం ఎప్పుడు తొలగిస్తారు? ఆ గోడ ఎప్పుడు తీస్తారు? తీయని పక్షంలో అందుకు ఆధారమేమిటి? ఈ మూడింటికీ విడివిడిగా, బాధ్యులైనవారి సంతకంతో, లిఖితపూర్వకంగా సమాధానం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.”