పూత బిళ్లలు, చెవి కమ్మలు

పెద్ద నోట్లు రద్దైన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను పత్తర్‌గట్టి దగ్గరి శాఖకు బదిలీ చేశారు. హోదా బ్యాంకులో స్కేల్-టూ ఆఫీసర్, పని బంగారం మీద అప్పులు. బంగారం గురించి నాకు అప్పటికి తెలిసినవి రెండే: అది పచ్చగా ఉంటుంది, మా ఆవిడ దగ్గర చాలినంత లేదు.

నాలాంటి వాళ్లుంటారనే బ్యాంకులు అప్రైజర్‌ను పెట్టుకుంటాయి. ఆయన ఉద్యోగి కాడు, జీతం ఉండదు. తాకట్టుకొచ్చిన నగను పరీక్షించి, బరువెంతో మేలిమి ఎంతో రాసి సంతకం పెడితే ఒక్కో అప్పుకు ఇంతని ఫీజు ముడుతుంది. మా అప్రైజర్ యాదగిరి చారి అరవై దాటిన కంసాలి. ఇంగ్లీషు రాదు. కౌంటర్ వెనక మూల బల్ల మీద గీటురాయి, యాసిడ్ సీసా, చిన్న త్రాసు పెట్టుకుని, పిలిస్తే తప్ప పలికేవాడు కాదు. ఆయన సంతకం లేనిదే నా సంతకం చెల్లదు. ఆ సంగతి ఆయన నాకు ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు.

ఒక శుక్రవారం పొద్దున మాదన్నపేట నుంచి పద్మ అనే ఆమె వచ్చింది. జాకెట్లు కుడుతుంది. చీరల అంచులకు పీకో కుట్టే మిషను ఒకటి అమ్మకానికి వచ్చిందట. సాయంత్రంలోగా డబ్బు కట్టకపోతే అది ఇంకొకరికి పోతుంది. సంచిలోంచి అయిదు లక్ష్మీదేవి బిళ్లలు తీసి నా ముందు వరసగా పెట్టింది. ఒక్కొక్కటీ పది గ్రాములని పెద్ద అంకె వేసిన ప్లాస్టిక్ అట్టలో భద్రంగా ఉంది. ఆమె భర్త ఒక బట్టల దుకాణంలో వాచ్‌మన్. ఏటా దీపావళికి సేటు ఒకటి చొప్పున ఇచ్చాడు.

నియమం ఏమిటంటే, బ్యాంకులు అమ్మిన బంగారు నాణేల మీదే అప్పు ఇవ్వాలి, బయట కొన్నవాటి మీద ఇవ్వకూడదు. అట్టను అటూ ఇటూ తిప్పి బ్యాంకు పేరు కోసం చూశాను. లేదు. అలాంటప్పుడు ఏ ఆఫీసరైనా ఇచ్చే సలహానే నేనూ ఇచ్చాను. వీటి మీద అప్పు రాదు, కరిగించి గొలుసో గాజులో చేయించుకొస్తే ఇస్తామని చెప్పాను. సాయంత్రంలోగా అవుతుందా అని ఆమె అడిగింది. బయట కనుక్కోమన్నాను. నియమాల ప్రకారం నా జవాబులో తప్పేమీ లేదు.

ఆమె బిళ్లలు సంచిలో వేసుకుని మెట్ల వైపు నడిచింది. అప్పుడు చారి లేచాడు. భోజనానికి తప్ప ఆయన కుర్చీ వదలగా నేను చూడలేదు.

“బిడ్డా, కరిగియ్యకు. జర గిట్ల రా.”

“ఎందుకు బాపు? సారే చెప్పిండు గద.”

“సారు బ్యాంకు సంగతి చెప్పిండు. నేను బిళ్ల సంగతి చెప్త.”

అప్పటిదాకా ఆయన వాటిని ముట్టుకోలేదు. మూల నుంచి చూశాడంతే. ఇప్పుడొకటి అట్టలోంచి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. “పది గ్రాముల బంగారు బిళ్ల ఇంత మందం ఉండదు. బంగారానికి బరువెక్కువ, జాగ తక్కువ.”

ఆమె ముఖం ఎర్రబడింది. “అంటే సేటు మోసం జేసిండంటవా? మా ఆయన అయిదేండ్ల సంది ఒక్క దినం నాగ వెట్టలే.”

“సేటు ముచ్చట నాకు తెల్వది. రాయినే అడుగుదాం. అంచుకు గీస్త, బొమ్మ చెడది.”

మొదటి గీత పచ్చగా పడింది. బిళ్ల అదే చోట ఆనించి మళ్లీ గీశాడు. తెల్లగా పడింది. యాసిడ్ సీసా మూత తీయాల్సిన పనే రాలేదు.

“లోపల వెండి, మంచి వెండే. పైన పూత. ఆ పూత తీస్తె వచ్చే బంగారం కంటె తీసెటోని కూలే ఎక్కువైతది. కరిగిస్తివా, గది సుత కనవడది.”

నేను ఖాళీ అట్ట అందుకున్నాను. వెనక, చీమలకు మాత్రమే అనువైన ఇంగ్లీషు అక్షరాల్లో, వెండి నాణెం, బంగారు పూత అని అచ్చయి ఉంది. సేటు అబద్ధమాడలేదు, ఎవరూ అడగలేదంతే. ఎం.కాం. చదివిన నేను ఆ అట్టను రెండు నిమిషాలు చేతిలో పట్టుకుని, అందులో లేని బ్యాంకు పేరు కోసం వెతికాను. ఉన్నది పైకి చదివి తెలుగులో చెప్పాను.

“ఇంత చదువు చదివినవ్, ముంగటనే చదవకపోతివా సారు?” అంది పద్మ. అది ఫిర్యాదు కాదు, సందేహం.

వెండి మీద మా బ్యాంకు అప్పు ఇవ్వదు. ఆమె బెంచీ మీద కూర్చుండిపోయి, “ఇగ మిషను వోయినట్టే,” అంది.

చారి ఆమె చెవుల వైపు చూశాడు. “ఆ కమ్మలు ఎవరు పెట్టినయి బిడ్డా?”

“మా అమ్మ. అవి దీసి ఇంటికి వోతే వాడకట్టంత అడుగుతరు బాపు.”

“అడగనీ. చీరలు వట్టుకొని పీకోకు వస్తరు గద, అప్పుడు చెప్పు.”

ఆమెకు నవ్వొచ్చింది. కమ్మలు తీసి బల్ల మీద పెట్టింది. చారి ఈసారి పద్ధతంతా పాటించాడు: గీత, యాసిడ్ చుక్క, తూకం, రాళ్ల బరువు తీసివేత, సంతకం. దాని కింద నా సంతకం. మిషనుకు సరిపడా వచ్చింది. ఆమె మా శాఖ చీపురులోంచి రెండు పుల్లలు విరిచి చెవులకు పెట్టుకుంది. కమ్మలకు చారి తన ఫీజు తీసుకున్నాడు. బిళ్లలకు తీసుకోలేదు. మా ఫారంలో దానికి గడి లేదు.

పోతూ ఆగి, “మా ఆయనకు చెప్పాల్నా బాపు?” అని అడిగింది.

“చెప్పు. వెండి అని చెప్పు. వెండి ఏం తక్కువదా? గీసిన అంచు కిందికి వెట్టి పూజల పెట్టుకో.”

దసరా దాటాక వచ్చి కమ్మలు విడిపించుకుంది. మిషను నడుస్తోందని చెప్పింది, నాకు కాదు, చారికి.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా, ఏ శాఖలో ఉన్నా, బ్యాంకు తీసుకోదని తెలిసిన నాణేన్ని కూడా ముందు అప్రైజర్ బల్ల మీదికి పంపి, నియమం తర్వాత చెప్పాను. వస్తువేమిటో తెలియకుండా దాన్నేం చేసుకోవాలో చెప్పడానికి స్కేల్-టూ హోదా చాలదు. స్కేల్-త్రీ అయ్యాక చూశాను, అదీ చాలదు.