అమృతమ్మ పట్టించిన సీసం

అచ్చంపేటలో సైకిళ్ల లింగస్వామి పనిని ఎవరైనా పొగిడితే, ఆయన ముందు ఇద్దరు మనుషుల పేర్లు చెప్పి దండం పెట్టేవాడు. కూలికి పోయే ఇంట్లో పుట్టి, పాలమూరులో నాలుగేళ్లు పంచర్లు వేసి, చక్రంలోని వంకరను చూపుతోనే పట్టే విద్య నేర్చుకొచ్చిన మనిషి. అంతటి పనిమంతుడూ ఒకసారి దెబ్బతిన్నాడు. తీరా చూస్తే కిందపడింది తను కాదు, తనను నమ్మిన పెద్దమనిషి. అదే కదా బాధ!

అరవై మూడులో సంగతి. మశూచి టీకాలు వేసే రామచంద్రం సారుకు ఒక పాత మోటారుసైకిలు ఉండేది. ఊరంతా దాన్ని ఫట్‌ఫటి అనేది. అడవి అంచు గూడేలకు ఆయన దాని మీదే పోయేవాడు. కాస్త వేగం పెంచితే చాలు, ముందు చక్రం ఎగిరెగిరి పడేది. లింగస్వామి చక్రం విప్పి, ఇరుసును రెండు చెక్క దిమ్మెల మీద ఆనించి తిప్పాడు. ఎన్నిసార్లు తిప్పినా ఒకే వైపు కిందికొచ్చి ఆగింది. అంటే బరువు అటుందన్నమాట. దానికి సరిగ్గా ఎదురుగా, రిమ్ము లోపలి వైపు, చేపల వలకు కట్టే సీసపు గుండ్లను సాగగొట్టి లక్కతో అంటించాడు. ఇక చక్రం ఎక్కడ వదిలితే అక్కడే ఆగింది. లింగస్వామి మీసం మెలేశాడు.

మెలేసిన మీసం మూడో రోజుకే దిగింది. మన్ననూరు తోవలో సీసం ఊడి, బండి వణికి, సారు పడ్డాడు. భుజం ఎముక విరిగింది. లింగస్వామి దవాఖానకు ఉరికి, మంచం పక్కన నిలబడి ఏడ్చాడు.

సారు అతన్ని దగ్గరికి పిలిచాడు. "ఏడువకు లింగస్వామీ. కట్టు ఇప్పేదాక బండి నీ కాడనే ఉంటది. చక్రం మల్ల నువ్వే చెయ్యాలె" అన్నాడు.

తిట్టినా పడేవాడు, ఈ మంచితనాన్ని ఎలా మోయాలో తెలియలేదు. మళ్లీ ఊడితే ఆ మనిషి బతుకుతాడా?

నాలుగుసార్లు అంటించాడు. సుత్తితో తడితే నాలుగుసార్లూ పెచ్చులా రాలింది. లక్కలోనే లోపముందేమో అడుగుదామని, నగలు చేసే అవుసుల అమృతమ్మ ఇంటికి పోయాడు. భర్త పోయాక బంగారు గుండ్లలో లక్క నింపే పని ఆమె చేతి మీదే నడిచేది. లింగస్వామి కులం వాళ్లు ఆ రోజుల్లో ఆ అరుగు ఎక్కేవాళ్లు కాదు. వీధిలో నిలబడే లక్క ముక్క ఎత్తి చూపించాడు.

"లక్క మంచిగనే ఉంది గదరా! ఏడ పెట్టినవో సూపియ్యి" అంటూ ఆమె లేచింది.

"మీరు నా కొట్టుకొస్తె నలుగురేమనుకుంటరమ్మా?"

"ఆ నలుగురికి లక్క పెట్టుడొస్తదా?"

వచ్చి, నూనె మరకల నేల మీదే చతికిలబడింది. లింగస్వామి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె అవేవీ పట్టించుకోకుండా రిమ్ము మీద వేలు రాసి నొసలు చిట్లించింది.

"గిదేందిరా, గింత జిడ్డు! పైంగ ఇనుము సల్లగుంది. సల్లటిదాని మీద ఉడుకు లక్క పోస్తె పట్టినట్టే కనబడ్తది గని, పట్టదు."

ఓరి దేవుడా! ఇన్నాళ్లూ లక్కను కాచాడే గాని, ఇనుమునూ కాచాలని తట్టనే లేదు!

టైరు ఊడదీయించి, చింతపండూ బూడిదా పెట్టి రిమ్మును తోమించింది. నిప్పుకణిక దగ్గర పెట్టి, ఊదుగొట్టంతో ఊదుతూ ఆ చోటును వెచ్చజేసింది. ఎండకు మెత్తబడకుండా లక్కలో ఇటుక పొడి కలిపింది. సీసాన్నీ వెచ్చజేసి అదిమి, "సల్లారేదాక ఊపిరి గూడ గట్టిగ ఇడువకు" అంది. చల్లారాక లింగస్వామి సుత్తితో తట్టాడు. తర్వాత గట్టిగా కొట్టాడు. సీసం కదల్లేదు. టైరు ఎక్కించి, మళ్లీ దిమ్మెల మీద తిప్పి, ఎక్కువైనంత సీసం గీకి సరిచేశాడు.

కట్టు విప్పించుకుని సారు వచ్చిన రోజు బస్సులు ఆగే జాగాలో జనం మూగారు. సారు బండెక్కి స్టార్టు చేశాడు. కాని నేల మీది కాలు లేవలేదు. ముఖమంతా చెమట.

"లింగస్వామీ, నీ మీద అనుమానం కాదు. పానం ఒప్పుత లేదు" అన్నాడు.

సైకిలు కూడా ఎక్కి ఎరగని అమృతమ్మ జనంలోంచి వచ్చి, కొంగు నడుముకు బిగించి, వెనక సీటు మీద పక్కకు తిరిగి కూర్చుంది.

"అమ్మా, మీరా?" అన్నాడు లింగస్వామి.

"లక్క పెట్టింది నేను. ఊడితె నేను గూడ పడాలె గద! పో సారూ, జర జోరుగ పో."

బండి మన్ననూరు తోవ పట్టింది. లింగస్వామి దేవుళ్లందరికీ మొక్కుకుంటూ నిలబడ్డాడు. చాలాసేపటికి దుమ్ము లేచింది. ఫట్‌ఫటి రివ్వున వచ్చి ఆగింది. సారు నవ్వుతున్నాడు.

"ఎగురుడు లేదు, వణుకుడు లేదు" అని అమృతమ్మ జనానికి వినబడేలా చెప్పింది. దిగబోయి, లింగస్వామి వైపు వంగి గొంతు తగ్గించింది.

"జర నీ చెయ్యియ్యిరా బిడ్డా. బయానికి కాళ్లు ఆడుత లెవ్వు."

ఊరంతా చూస్తుండగా లింగస్వామి చేయి అందించాడు. ఆ చేయి పట్టుకునే ఆమె ఇంటిదాకా నడిచింది.