గడప ముందు చెక్క

నా చిన్నప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా, ఇంట్లోంచి ఎవరు బయటికెళ్ళినా ముందుగా మా నాయనమ్మకే తెలిసేది. ఆవిడకు రెండు కళ్ళూ కనబడవు. కనబడకపోతేనేం, వసారాలో నులకమంచం మీద కూర్చునే ఇల్లంతా ఏలేది.

ఆ వసారాకు చెక్కల నేల. మాది వినుకొండ దగ్గర నల్లరేగడి పల్లె. ఆ భూమి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు బాస్తుంది. రాళ్ళు పరిస్తే ఏడాది తిరక్కుండానే పగిలేవట. అందుకని మా తాతయ్య తుమ్మదుంగల మీద చెక్కలు పరిపించాడు. అవి పాతబడేకొద్దీ ఒక్కొక్కరి అడుగుకు ఒక్కో చప్పుడు చేసేవి. నాన్న నడిస్తే మూలిగేవి, నేను పరిగెత్తితే టకటకలాడేవి. గడప ముందు చెక్క మాత్రం మా అమ్మ ఎంత మెల్లగా కాలు పెట్టినా కిర్రుమనేది.

"ఏవమ్మాయ్, ఎక్కడికే ఈ ఎండలో పెత్తనాలు?" అనేది నాయనమ్మ తక్షణం. పక్కింటికి కాసేపు కబుర్లకు పోదామనుకున్న అమ్మ పళ్ళు నూరుకుంటూ వెనక్కి తిరిగేది. "ఈ చెక్క నా పాలిట శని" అని నా దగ్గర విసుక్కునేది. పాపం, ఆ కబుర్లు తప్ప అమ్మకు వేరే సరదా ఏముంది గనక!

ఒక ఏడు వసారాకు చెదలు పట్టి, నాన్న కాలు చెక్కలోకి దిగబడింది. పత్తి తీతలయ్యాక వడ్రంగిని పిలిపించి పాతవన్నీ పీకించేశాడు. వేపచెక్కలు నున్నగా చిత్రిక పట్టించి, కదలకుండా మేకులు కొట్టించాడు. కొత్త చెక్క వాసన, కళ్ళంలో ఎండే మిరపకాయల ఘాటు కలిసి ఇల్లంతా కమ్ముకునేవి. మధ్యాహ్నాలు నేను ఆ నేల మీద పడుకుంటే, గాలికి ఎగిరొచ్చిన దూదిపింజలు నా బుగ్గ పక్కనుంచే దొర్లుకుంటూ పోయేవి. అమ్మ నా మీదుగా దాటి హాయిగా పక్కింటికి వెళ్ళొచ్చేది. చిన్న చప్పుడు కూడా ఉండేది కాదు.

అదిగో, అప్పుడు పోయాయి మా నాయనమ్మకు నిజంగా కళ్ళు. మేం పక్కనుంచే వెళ్తున్నా ఆవిడకు తెలిసేది కాదు. గాలికి తలుపు కదిలితే "ఎవరూ?" అంటూ చెయ్యి చాచేది. దగ్గరికెళ్ళి పలకరిస్తే ఉలిక్కిపడేది. చివరికి మంచం లోపలి గదిలో వేయించుకుంది. "అక్కడ కూర్చుని ఏం చెయ్యన్రా, నాకేం తెలుస్తుంది గనక" అంది నాన్నతో. అన్నం సగంలోనే చాలనేది. చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ఒకరోజు అమ్మ పెరట్లో కట్టెల కుప్ప ముందు కూర్చుని పాత చెక్కలు తిరగేస్తూ కనిపించింది. గడప ముందుది దొరికింది. దానికి చెద అంటలేదు. వడ్రంగికి కబురు పెట్టి, "ఇది మళ్ళీ గడప ముందు వేసెయ్యి బాబాయ్" అంది.

అతను తెల్లబోయాడు. "అదేందమ్మా, అది కిర్రుమని గోల జేసుద్ది గదా!"

"చెయ్యనీ. మేకులు మరీ బిగించకు."

అతను వెళ్ళాక అమ్మ నాయనమ్మను చెయ్యి పట్టుకుని తెచ్చి వసారాలో కూర్చోబెట్టింది. ఏమీ చెప్పకుండా లోపలికెళ్ళి, కొంగు సర్దుకుని వచ్చి, కావాలనే ఆ చెక్క మీద కాలు వేసింది. కిర్రుమంది.

నాయనమ్మ ముఖం చటుక్కున అటు తిరిగింది. "ఏవమ్మాయ్, ఎక్కడికే ఈ ఎండలో పెత్తనాలు?"

"ఎక్కడికీ లేదత్తయ్యా, ఇక్కడే ఉన్నా" అంటూనే అమ్మ మంచం పక్కన కూలబడి ఏడ్చేసింది. నాయనమ్మ తడుముకుంటూ అమ్మ తల మీద చెయ్యి వేసింది. చాలాసేపు అలాగే ఉంచింది.

"పోయి రావే" అంది తర్వాత. "వచ్చేటప్పుడు మాత్రం దాని మీంచే రా."

ఇప్పటికీ పెద్దవాళ్ళున్న గదిలోకి నేను మెల్లగా వెళ్ళలేను. గడప దగ్గర అడుగు కాస్త గట్టిగా వేస్తాను. "ఏంటమ్మమ్మా ఆ చప్పుడు!" అని మా మనవరాలు నవ్వుతుంది. నవ్వనీ. నేను వస్తున్నానని లోపలున్నవాళ్ళకు తెలియాలి.