కాకి నడక గీసిన చెల్లెలు

ఆమె పిల్లల పత్రికకు కథలు రాసేది. వాటిలో ఒక కాలు ఈడ్చే కాకి కథ పిల్లలకు తెగ నచ్చింది. అప్పటికి ఆమె అన్నయ్య యానిమేషన్ స్టూడియో పెట్టి, పనిలేక ఈగలు తోలుకుంటున్నాడు. ఆ కాకి కథను బొమ్మల సినిమా చేద్దాం రమ్మని చెల్లెల్ని పిలిచాడు.

కథ ఆమెదే, బొమ్మలూ ఆమెవే. కాకి నడక కుదరక, స్టూడియో వరండాలో తనే కాలీడుస్తూ పదిరోజులు అటూఇటూ తిరిగింది. తోటివాళ్లు కాకమ్మ అని పేరు పెట్టి నవ్వుకున్నారు. ఎనిమిది నిమిషాల సినిమాకు పదకొండు నెలలు పట్టింది. మొదటి ఆట చివర పేర్లు పడ్డాయి. కథ, బొమ్మలు, దర్శకత్వం, మూడూ అన్నయ్యే. ఆమె పేరు సహాయకుల వరసలో, అక్షరం తప్పుతో కనిపించింది.

మర్నాడు అతని గదికి వెళ్లి నిలదీసింది. ఇంటిపేరు ఒకటే కదా, ఎవరిదైతేనేం అన్నాడతను, పెన్సిల్ చెక్కుకుంటూ.

"ఇంటిపేరు కాదు, నా పేరు అడుగుతున్నా."

"నీ పేరు చూసి ఎవడూ టిక్కెట్టు కొనడు."

ఆమె ఆ రోజే మానేసింది. సర్దుకుపొమ్మని అమ్మ మధ్యలో పడితే, ఇల్లు కూడా వదిలి అద్దెగదికి మారింది. అతను ఊరుకోలేదు. ఈమె చెప్పిన టైముకు పని ఇవ్వదని, నోరు మంచిది కాదని ప్రతి స్టూడియోలోనూ ఊదాడు. ఎవరూ గడప తొక్కనివ్వలేదు. నాలుగేళ్లు ఒక మందుల కంపెనీకి కరపత్రాలు రాసి పొట్టపోసుకుంది.

ఆ కంపెనీలో లిఫ్టు నడిపే ముసలావిడ, ఎక్కిన ప్రతి అధికారినీ మొహం మీదే కడిగేసేది. ఆవిడ నోటికి ఈమె ముచ్చటపడింది. అద్దె కెమెరా తెచ్చి, ఆ ఇరుకు పెట్టెలో గోడకు వీపు ఆనించి నలభై రోజులు ఆవిడ మీద చిన్న సినిమా తీసింది.

దాన్ని చిన్న సినిమాల పోటీకి పంపితే, ముగ్గురు న్యాయనిర్ణేతల్లో అన్నయ్య ఒకడు. ఇది సినిమా కాదు, ముసలిదాని సణుగుడు అని పట్టుబట్టాడు. మిగతా ఇద్దరూ వినలేదు. మొదటి బహుమతి ఆమెకే వచ్చింది, అదీ అతని చేతుల మీదుగా. జ్ఞాపిక ఇస్తూ గొంతు తగ్గించాడు.

"మనలో మనకెందుకే పంతం? స్టూడియోకి వచ్చెయ్."

"నన్ను ఆపలేకపోయావు కాబట్టి పిలుస్తున్నావు," అందామె. మైకు పక్కనే ఉందని తెలిసే అంది. హాలంతా విన్నారు. అతని మొహం మాడిపోయింది.

తర్వాత మూడు సినిమాలు తీసింది. రెండు ఆడలేదు. మళ్లీ కథలు రాసింది. స్టూడియో మొహం మాత్రం చూడలేదు. అన్నయ్యకు గుండెపోటని అమ్మ కబురు పెడితే ఆసుపత్రికి వెళ్లి, మంచం పక్కన పదినిమిషాలు కూచుంది. అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. మెట్లు దిగుతుంటే, ఎందుకొచ్చానా అని తన మీద తనకే ఒళ్లు మండింది.