ఏ రోగమూ లేని వంశం

జిమ్‌లో కసరత్తులు నేర్పే అతన్ని అందరూ ప్రశ్నల మాస్టారంటారు. కొత్తగా ఎవరొచ్చినా డంబెల్ ముట్టనివ్వడు. ముందు స్టూలు మీద కూర్చోబెట్టి బీపీ, షుగరు, మోకాళ్లు అన్నీ అడుగుతాడు. జవాబులు రాసుకుంటాడు గానీ నమ్మడు. బూట్ల లేసు కట్టుకోడానికి వంగినప్పుడు ఎవరికి ఆయాసం వస్తుందో ఓరకంట చూస్తాడు. జబ్బుల గురించి అడిగితే జనం దాస్తారనీ, చావుల గురించి అడిగితే గొప్పలు పోతారనీ అతను ఏనాడో కనిపెట్టాడు.

మొన్న ఒక కాంట్రాక్టరు వచ్చాడు. నెలలో పొట్ట పోవాలట, ఇప్పుడే ట్రెడ్‌మిల్ ఎక్కి పరిగెత్తుతాడట.

"గుండె జబ్బులు మా ఇంటా వంటా లేవండీ," అన్నాడు.

"అదృష్టవంతులు. మరి నాన్నగారు?"

"మహారాజులా పోయారు! భోంచేసి పడుకున్నారు, మళ్లీ లేవలేదు. ఒక్క మాత్ర మింగి ఎరగరు."

"తాతగారో?"

"ఆయనా అంతే. పేపరు చదువుతూ కుర్చీలోనే. మంచాన పడి తీసుకోవడం మాకు తెలీదు."

మాస్టారు తలెత్తకుండానే అడిగాడు. "ఏ వయసులో?"

"నాన్న నలభై ఎనిమిదికి. తాత యాభైకి."

"మీకిప్పుడు?"

"నలభై తొమ్మిది," అన్నాడు కాంట్రాక్టరు. ట్రెడ్‌మిల్ కోసం లేచినవాడల్లా మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు.

మాస్టారు గుండె డాక్టరు అడ్రసు రాసి చేతిలో పెట్టాడు.

"ముందు చూపించుకుని రండి. పొట్ట ఎక్కడికీ పోదు."