మూగబడిల మీటింగు

మొన్న పొద్దుగాల పాలు పొయ్యి మీద పెట్టి ఫోను చూసుకుంట నిలబడ్డ. పాలు పొంగి గట్టు మీద పారినయి, నాకు సోయి లేదు. మా బడి పాత విద్యార్థుల గ్రూపుల మామూలుగైతే పూల బొమ్మలు, శుభోదయాలు, ఎవరి మనవనిదో పుట్టినరోజు. ఆ పొద్దు మాత్రం గిట్ల ఉన్నది: "ఆదివారం పది గంటలకు బడిల మీటింగు. హాస్టలు మూసే సంగతి తేల్చాలె. అందరు రావాలె." మా ఆయన మసిగుడ్డ పట్టుకొని ఉరికొచ్చి నా మొఖం చూసి "ఏమైంది, ఎవరన్న పోయిన్రా?" అన్నడు. "ఇంక పోలే" అన్న. అని నా మాటకు నేనే ఉలిక్కిపడ్డ.

పాలగిన్నె కడగకముందే నా దోస్తు ఫోను చేసింది. బడిల ఉన్నన్నేండ్లు నేను, ఆమె ఒకటే బెంచి మీద కూసున్నోళ్లం. పర్ణశాల దాటినంక అడవిల ఒక కోయగూడెం వాళ్లది. ఇప్పుడు ఆమె మనవరాలు అదే హాస్టల్ల ఏడో తరగతి చదువుతున్నది. "చూసినవానే?" అన్నది. "అవ్, చూసిన." "నువ్వే మాట్లాడాలె. గా కొత్త చైర్మను, పట్నం సారు ముందల నాకు నోరు పెగలదు. పోరి ఇంటికొస్తే చదువు అయిపోయినట్టేనే. వానకాలం వాగు దాటి రోజు ఏ బడికి పోతది?" నేను పెద్ద ధైర్యవంతురాలి లెక్క "నువ్వు ఊకో, నేను మాట్లాడత" అన్న. ఫోను పెట్టినంక తుడిచిన గట్టునే మళ్ల మళ్ల తుడుచుకుంట నిలబడ్డ. దవాఖానల నర్సుగ పనిచేసినన్ని రోజులు నా గొంతుకు డాక్టర్లు కూడ జంకేటోళ్లు. కని ఆ బడి మౌనం గదిల, చిన్నప్పటిసంది ఇయ్యాల్టి దాక, నేను ఒక్కసారి కూడ లేచి నోరు తెరవలే. ఆ సంగతి నా దోస్తుకు యాదికి లేదో, ఉండి కూడ అడిగిందో.

మౌనం గది ఏందో చెప్పాలె. మా తాతల కాలంల ఇంగ్లండు నుంచి ఒక ఆలుమగలు వచ్చి, అడవి జరాలకు మందులిచ్చుకుంట ఈడనే ఉండిపోయి ఆ బడి పెట్టిన్రట. వాళ్లు క్వేకర్లు. క్రీస్తును నమ్మేటోళ్లే కని వాళ్ల ప్రార్థనకు పాస్టరు ఉండడు, పాట ఉండదు, మైకు అసలే ఉండదు. అందరు కలిసి ఊకె కూసుంటరు. ఎవరి లోపలి నుంచన్న మాట తన్నుకొస్తె వాళ్లు లేచి చెప్పి కూసుంటరు, రాకపోతె లేదు. మమ్ముల ఎవ్వరిని మతం మారమని అనలే. పొద్దుగాల గంట కొట్టంగనె ఊకె కూసోమన్నరు, అంతే. పదేండ్ల పిల్లలను పట్టుకొని ఊకె కూసోమంటె ఎట్లుంటది! ఒకరి కడుపుల గుడగుడ సప్పుడైతె నవ్వు ఆపుకోలేక బెంచి బెంచంతా ఊగేది. ఇప్పపూల కాలమైతె కిటికీల నుంచి ఆ వాసన వచ్చి సగం మందికి కునుకు పట్టేది. ఒకసారి బడి చూడనీకి వచ్చిన ఇన్స్పెక్టరు ఆ గది చూసి, "పాపం, ఏం తప్పు చేసిన్రు వీళ్లంతా?" అని అడిగిండట. చుట్టుపక్కల ఊళ్లల్ల మా బడికి అసలు పేరు పోయి మూగబడి అనే పేరే నిలిచింది.

ఆ బడిల సార్, మేడమ్ అనే మాట లేకుండె. మనుషులందరు సమానం, పేరు పెట్టి పిలవమనేది ఆ దొరల పద్ధతి. పెద్దోళ్లను పేరు పెట్టి పిలిస్తె మా అమ్మలు వీపు పగలగొడ్తరు. అందుకని నడుమ దారి ఒకటి దొరికింది. పాఠం చెప్పేటోళ్లు, వండేటోళ్లు, తోట చూసేటోళ్లు అందరు అక్కలు, అన్నలు. మా హెడ్మాస్టరమ్మ పెద్దక్క. ఆమె కూడ ఆ బడిలనే చదువుకున్న మనిషి. సన్నగ, నల్లగ, తెల్ల చీరల ఉండేది, కోపమొస్తె గొంతు ఇంక తగ్గేది. ర్యాంకులు లేవు, బహుమానాలు లేవు. మా నాయిన వచ్చినప్పుడల్ల "మా బిడ్డది ఎన్నో నంబరు?" అని అడిగేటోడు, ఆమె "మీ బిడ్డ మంచిగున్నది" అని చెప్పేది. మా నాయిన ఊరికిపోయి, నాకు ఫస్టు వచ్చిందని తనంతట తనే చెప్పుకునేటోడు.

ఇంకో పద్ధతి ఉండె, అసలు సంగతి అంతా దాన్లనే ఉన్నది. బడిల ఏది తేల్చాలన్న చేతులెత్తుడు లేదు. విషయం చెప్తరు, అందరు ఊకె కూసుంటరు. ఒప్పుకున్నోళ్లు "కుదిరింది" అని నోరు తెరిచి అనాలె. ఒక్క పిల్ల లేచి "నా మనసు కుదరలేదు" అన్నదనుకో, ఆ పని ఆగినట్టే. ఎందుకని నిలదీసేది లేదు. ఇంకోసారి కూసుంటరు, మళ్ల కూసుంటరు. హాస్టల్ల ఉప్మా వారానికెన్ని రోజులు చెయ్యాలె అనేది తేలనీకి ఒక ఏడాది మొత్తం పట్టింది. ఒక్క మాట మాత్రం పెద్దక్క గట్టిగ చెప్పేది: "ఊకె కూసున్నరంటె ఒప్పుకున్నరని కాదు. ఇంక ఆలోచిస్తున్నరని." ఇది మాకు ఎముకలల్ల ఇంకిపోయింది. మా బడిల చదివినోడు ఒకాయన మణుగూరు గనుల్ల చేరిండు. యూనియన్ మీటింగుల చెయ్యెత్తమంటె అటూ ఎత్తడు, ఇటూ ఎత్తడు, ఆలోచిస్తున్న అంటడట. రెండు దిక్కులోళ్లు తిట్టిన్రు. మా పాత పిల్లలల్ల లైన్మెన్లున్నరు, టీచర్లున్నరు, ఒక సర్పంచి ఉన్నది. అందరిది ఇదే రోగం, అడిగినంక జల్దీ నోరు తెరవరు.

ఆదివారం మా ఇల్లున్న ఖానాపురం హవేలిల షేర్ ఆటో ఎక్కి బస్టాండుకు, ఆడికెల్లి భద్రాచలం బస్సు. దారి పొడుగునా పెదిమలు కదుపుకుంట చెప్పేది నేర్చుకున్న. "అయ్యా, ఈ అడవి ఊళ్ల ఆడపిల్లలకు..." అని మొదలు పెట్టాలె, ఆడికెల్లి వాగు సంగతి, ఆడికెల్లి మా బడి చరిత్ర. పాల్వంచ దాటేసరికి మూడో మాట యాది మరిచిన. పక్క సీటామె నన్ను చూసి మెల్లగ జరిగి కూసున్నది. గోదావరి వంతెన మీద అందరు చెయ్యెత్తి దండం పెట్టిన్రు, నేను సుత పెట్టిన, రామయ్యా నా గొంతు పడిపోకుండ చూడు అని.

బడికి పోయి చూస్తె మౌనం గది గట్లనే ఉన్నది. నలుదిక్కుల ఒకరి మొఖం ఒకరు చూసేటట్టు అవే బెంచీలు. ఒక మూల పెంకులు కారి గోడ నల్లబడ్డది. తలలు నెరిసినోళ్లు, బట్టతలలోళ్లు, అందరు ఎవరి పాత జాగల వాళ్లు కూసున్నరు, ఎవరు చెప్పకముందే. నా దోస్తు నా పక్కన కూసోని నా చెయ్యి పట్టుకున్నది. పాత కమిటీ పెద్దలు ఒక్కొక్కరే పోయినంక వచ్చిన కొత్త చైర్మనుసారు హైదరాబాదు మనిషి. మంచోడే, అబద్ధమెందుకు. మా బడిల చదువుకోలే, అంతే. కంప్యూటరుతోటి గోడ మీద బొమ్మలేసి చూపిచ్చిండు. కప్పు కారుతున్నది, వార్డెనుగ ఎవరు వస్తలేరు, పిల్లలు తగ్గుతున్నరు. అందుకని హాస్టలు మూసి, దగ్గరి పిల్లలకు పగటి బడి నడుపుదాం అన్నడు. చెప్పినయి నిజాలే. గందుకే నాకు ఇంకింత భయమేసింది. చివరికి "ఎవరికన్న అభ్యంతరం ఉన్నదా?" అని అడిగిండు.

గది మొత్తం నిశ్శబ్దమైపోయింది. తలలన్ని వంగినయి, చేతులు ఒళ్లెకు వచ్చినయి. మాకు అలవాటే కద, పెద్ద సంగతి ముందు పెట్టిన్రు, ఇగ కూసోవాలె. నేను సుత కండ్లు మూసుకున్న. సారు ఇటు చూసిండు, అటు చూసిండు, గొంతు సవరించుకొని "సంతోషం. అందరు ఒప్పుకున్నట్టే. రాసుకో" అని పక్కనున్న బడి మేనేజరుతోటి అన్నడు.

కండ్లు తెరిచి చూస్తె ఎవ్వరు కదులుతలేరు. లైన్మెను కదలలే, సర్పంచి కదలలే. వాళ్ల మొఖాలు చూస్తె తెలుస్తనే ఉన్నది, ఒక్కరికి ఇష్టం లేదు. వద్దనే సంగతినే నిమ్మళంగ ఆలోచించుకుంట కూసున్నరు, పోయిన పెద్దక్క ఇంక బెంచి చివర కూసోని ఉన్నట్టు! మేనేజరు పెన్ను మూత తీసిండు. అయ్యో, మా మంచితనం మండ, మూసేది ఆయన కాదు, మేమే ఊకె కూసోని మూస్తున్నం అనిపించింది. నా దోస్తు గోర్లు నా చేతుల దిగుతున్నయి. బస్సుల నేర్చుకున్న మాటలు యాది చేసుకుంటె ఒక్కటంటె ఒక్కటి వస్తలేదు. వాగు లేదు, చరిత్ర లేదు. లేచినట్టు నాకే తెలువదు, ముందు బెంచి పట్టుకొని నిలబడి ఉన్న.

"నా మనసు కుదరలేదు" అన్న.

గొంతు చీలి వచ్చింది, పదేండ్ల పోరి గొంతు లెక్క. సారు "ఎందుకమ్మా, కారణం చెప్పండి" అన్నడు. నేను నోరు తెరిచేలోపే నా దోస్తు లేచింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకొని "నా మనసు కుదరలేదు" అన్నది. ఆవల దిక్కు లైన్మెను లేచిండు. సర్పంచి లేచింది. ఒక బెంచి తర్వాత ఒక బెంచి, ఒకటే మాట, ఎవరు అరవలే. ఆఖరుకు గదిల కూసున్నది సారు, మేనేజరు మాత్రమే. "మరి ఇంతసేపు ఎందుకు ఊకున్నరండి?" అన్నడు సారు, నిజంగనే అర్థం కాక. "ఆలోచిస్తున్నం సారు" అన్నది సర్పంచి. "మీరు సుత మాతోటి కూసోండి." ఆయన గడియారం కోసం గోడలు వెతికిండు. ఆ గదిల గడియారం ఎన్నడు లేదు. మెల్లగ కుర్చీ విడిచిపెట్టి వచ్చి మా బెంచి మీద చివరన కూసున్నడు.

పెద్ద గెలుపేం కాదు. మళ్ల కూసునేదాక హాస్టలు నడుస్తది, అంతవరకే. కప్పు గట్లనే కారుతున్నది, వార్డెను ఇంక దొరకలే, మా ఆయన "ఏమైంది?" అని రోజు అడుగుతనే ఉన్నడు, నేను రోజు ఫోను చూసుకుంటనే ఉన్న, పాలు పొంగుతనే ఉన్నయి. ఆ ఆదివారం మేము గదిల నుంచి బయటికొచ్చేటప్పుడు నా దోస్తు మనవరాలు వరండాల తొక్కుడుబిళ్ల ఆడుతున్నది. అమ్మమ్మను చూసి ఎగిరొచ్చి "ఉంటనా, వస్తనా?" అన్నది. "ఉంటవ్, ఇప్పటికైతె ఉంటవ్" అన్నది నా దోస్తు, నా దిక్కు చూడకుండ. చిన్నప్పుడు ఆ గదిల పొద్దెప్పుడు గడుస్తదా అని కూసునేటోళ్లం. ఇప్పుడు అదే గదిల, పొద్దు గడవొద్దని కూసుంటున్నం.